తువ్వాలు కింద చెప్పిన బంద్

నెల కిందట పెళ్లి భోజనాల దగ్గర మా బావ అందరూ వింటుండగా ఒక మాట అన్నాడు. "మీ తాత దలాలే గదా, స్వాతంత్ర్యానికి ఏం చేసిండు? బంద్ అంటే తలుపేసుకొని పండుకున్నడు." నాకు ఒళ్లు మండిపోయింది. స్వాతంత్ర్య పోరాటం రోజుల్లో తాత ఆ బంద్‌లు నడిపిన వాళ్లలో ఒకడని మా నాన్న చెప్పేవాడు గానీ, చూపించడానికి నా దగ్గర ఏముంది? తాత గురించి నాకు మిగిలింది ఒక్క ఆట. తువ్వాలు కింద నా వేళ్లు ముడిచి పిడికిలి చేసి, దాని మీద బొటనవేలితో రెండుసార్లు తట్టేవాడు. నేను ఆ వేలిని గట్టిగా పట్టుకుంటే బెల్లం ముక్క పెట్టేవాడు.

తాడోపేడో తేల్చుకుందామని బయలుదేరాను. జల్‌పల్లి నుంచి చాంద్రాయణగుట్టకు షేర్ ఆటో ఇరవై రూపాయలు, అక్కడి నుంచి అఫ్జల్‌గంజ్‌కు సిటీ బస్సు. చార్మినార్ ఇడిశిపెట్టి మిర్చి దుకాణాలు సూడనీకి పోతున్నరా సార్ అని ఆటో అన్న నవ్వాడు. పదింటికల్లా దిగి, మిరప ఘాటుకు తుమ్ముకుంటూ తాత దలాలీ చేసిన గల్లీకి చేరాను.

అక్కడొక మిర్చి దుకాణంలో ఎనభై దాటిన పెద్దాయన కూర్చున్నాడు. ఆయన తండ్రి కూడా అక్కడే దలాలట. మా తాత పేరు మాత్రం ఆయన వినలేదన్నాడు. నా ప్రాణం ఉసూరుమంది. నా మొహం చూసి చాయ్ తెప్పించాడు. పక్కవాడికి ధర తెలియకుండా తువ్వాలు కింద వేళ్లు పట్టుకొని బేరమాడే రివాజు గురించి చెప్పి, అలాగే బంద్‌ల సంగతికి వచ్చాడు.

"మా నాయిన చెప్తుండె, అయి తెల్లోళ్ల మీద లొల్లి నడుస్తున్న దినాలు. నోటితోని బంద్ అంటే పోలీసోళ్లు పట్టుకపోదురు. అందుకే బేరం చేసినట్టే చేసి, తువ్వాల కింద చెప్పుకునేటోళ్లు. తెల్లారితే గంజ్ బజారు మొత్తం బంద్. మస్తు నష్టమొచ్చినా ఒక్కడు తలుపు తెరవకపోతుండె."

ఎట్లా చెప్పేవారని అడిగాను. ఆయన తన తువ్వాలు తీసి నా చేతి మీద కప్పాడు. నా వేళ్లు ముడిచాడు. పిడికిలి మీద బొటనవేలితో రెండుసార్లు తట్టాడు. నేను ఆలోచించనే లేదు, ఆ వేలిని గట్టిగా పట్టుకున్నాను.

పెద్దాయన తువ్వాలు పక్కకు తీశాడు. "ఏలు పట్టుకుంటే బంద్‌కు సై అన్నట్టు. ఆ జవాబు నేనింకా చెప్పలే గదా. నీకెవరు నేర్పిండ్రు బిడ్డా?"

మా తాత అన్నాను.

"అయితే నువ్వు మనోనివే," అన్నాడు ఆయన.

జెండా పట్టినవాళ్లు కళ్లకు కనబడతారు. ఆ రోజు అమ్మితేనే పూట గడిచే చిన్న వ్యాపారులు తమంతట తామే దుకాణం మూసుకోవడం ఎవరికీ కనబడదు. కానీ అదీ పోరాటమే, అందులో మా తాతా ఉన్నాడు. ఎంత గర్వంగా ఉందో దాచుకోవడం నా వల్ల కాదు.

మీరూ ఆ గల్లీకి వెళ్తే ఆదివారం కాకుండా చూసుకొని, మధ్యాహ్నం రద్దీ పెరగకముందే వెళ్లండి. మిరప ఘాటుకు ముక్కు మూసుకోవడానికి ఒక తువ్వాలు దగ్గర ఉంచుకోండి. నా తువ్వాలు మాత్రం భుజాన వేసుకొని, ముందు మా బావ ఇంటికి వెళ్లాలి.