చేదు దుంపల బుట్ట

నా చిన్నప్పుడు ముంచింగిపుట్టు అవతల మా ఊళ్లో వానాకాలం గింజలు నిండుకుంటే అడవి నుంచి తెచ్చిన చేదు దుంపలే తిండి. వాటిలో విషం ఉంటుంది. పలచగా తరిగి, బూడిద నీళ్లలో ఉడికించి, బుట్టకెత్తి ఒక రాత్రీ ఒక పగలూ గెడ్డలో పారే నీటిలో ఉంచాలి. ఆ పని మా నానమ్మ చేస్తేనే ఊళ్లో అందరికీ ధీమా. ముందు తాను గుప్పెడు తిని, ఒక పూట ఆగి, అప్పుడు పిల్లలకు పెట్టేది.

ఆ రోజు బుట్ట తెచ్చే పని నాది. పొద్దు వాలాక తెమ్మని చెప్పి నానమ్మ చీకటితోనే పోడు చేనుకు వెళ్లిపోయింది. అది సంత రోజు, జీపు పొద్దున్నే వెళ్లిపోతుంది, నాకేమో గాజుల మీద మనసు. తెల్లారగానే బుట్ట తెచ్చి పొయ్యి పక్కన పడేసి చల్లగా జారుకున్నాను.

చీకటి పడ్డాక తిరిగొచ్చేసరికి నానమ్మ చాప మీద మెలికలు తిరుగుతోంది. బుట్ట అప్పుడే తెచ్చాననుకుని గుప్పెడు తిందట. వయసు మీద పడ్డ నాలుకకి చేదు తెలియలేదు. కబురందుకుని వచ్చిన ఆసుపత్రి నర్సమ్మ, చాలావరకు కక్కేసింది కాబట్టి గండం గడిచిందని చెప్పింది.

తిన్నది ఎక్కడికి పోతుందని భయంభయంగా అడిగాను. ఆమె నా గొంతు మీంచి పొట్ట దాకా వేలితో గీసి చూపించింది. నమిలిన ముద్ద గొంతు గొట్టంలోంచి కడుపులోకి దిగి, పుల్లటి రసంలో నలిగి జావ అవుతుందట. ఆ జావ చిన్నపేగులోకి వెళుతుంది. ఆ పేగు నాకు నాలుగింతల పొడుగు ఉండి లోపల చుట్టలుగా సర్దుకుందంటే నమ్మలేక నా పొట్ట నేనే తడుముకున్నాను. సారమంతా అక్కడే నెత్తురులో కలుస్తుంది. మిగిలిన పిప్పిలోంచి పెద్దపేగు నీళ్లు లాగేసుకుంటుంది.

"మరి విసం కూడా నెత్తుట్లోకి పోతాదా?" అన్నాను.

"పోతాది. పేగుకి మంచీ సెడ్డా ఎంచడం రాదు. కడుపే ముందు ఎరిగి కక్కించింది, మీ నానమ్మ అదృష్టం."

తర్వాత బుట్ట ఎప్పుడు తీశారని అడిగింది. నానమ్మ నా చేతికున్న కొత్త గాజుల వంక చూసింది. "నానే బేగి తీసీసినాను. ఈ గుంటకేటి తెలుసు," అంది. నేను గాజుల చేతిని వెనక్కి దాచుకున్నాను.

నానమ్మ కోలుకుంది. కానీ ముసల్దానికి మతి తప్పుతోందని ఊళ్లో అనుకున్నారు. మరుసటి వానలకు దుంపలు మా అమ్మే చేసింది. నానమ్మ వాకిట్లో ఊరికే కూర్చుని, "బాగా కడిగినారేటే?" అని నన్నడిగింది. తలూపి లోపలికి వెళ్లిపోయాను. ఆమె పోయేదాకా ఎవరూ మళ్లీ ఆ పని ఆమెకు చెప్పలేదు.

నాకిప్పుడు ఆమె వయసు వచ్చింది. ఆ బుట్ట తీసింది నేనే. ఇన్నేళ్లకు నోరు విప్పి చెబుతున్నాను, వినాల్సిన మనిషి లేదు.