పాయింట్ తర్వాత సున్నా

కార్ఖానాలో బైకుల ఇంజిన్లకు వేగం పెంచే మెకానిక్ అక్క ఒకామె ఉండేది. ఎవరితో మాట్లాడుతున్నా ఆమె కుడిచెయ్యి లేని యాక్సిలరేటర్‌ను తిప్పుతూనే ఉండేది. నా బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ మీద ఆ చెయ్యి ఎప్పుడూ పొగలా చెదిరి పడేది.

ఊరి బయట డ్రాగ్ రేసు, అంటే తిన్నని దారిలో తక్కువ సమయంలో దూసుకెళ్ళినవాళ్ళు గెలిచే పందెం, జరిగిన రోజు నేనూ కెమెరాతో వెళ్ళాను. తాను సిద్ధం చేసిన బండిని అక్క తానే నడిపింది. బోర్డు మీద 11.08 సెకన్లని వెలిగింది. మైకు పట్టుకున్నాయన దాన్ని “పదకొండు పాయింట్ ఎనిమిది” అని చదివి, 11.42లో వచ్చినతను గెలిచాడని ప్రకటించాడు.

అక్క హెల్మెట్ తియ్యకుండానే ఆయన దగ్గరికి నడిచింది.

“పాయింట్ తర్వాత సున్నా ఉన్నది సార్. జెర మళ్ళ చదవండి.”

“ఒక్క సున్నాకు ఇంత పరేషాన్ ఎందుకమ్మా?”

“ఆ సున్నా కోసమే ఏడాదంతా ఇంజిన్ విప్పిన, బిగించిన. ఊకెనే రాలే.”

ఆయన టైమింగ్ యంత్రం చూసుకుని, మైకులోనే తప్పు ఒప్పుకుని, అక్క పేరు చదివాడు. చప్పట్లు మోగాయి. అక్క మాత్రం బండి పక్కన కూర్చుని, అప్పుడే విప్పిన స్పార్క్ ప్లగ్గును వెలుతురుకు పట్టి చూస్తోంది.

“కప్పు తీసుకోవా అక్కా?” అన్నాను.

“తర్వాత తీసుకుంటా. ముందు దీని రంగు జూడు, లోపల పెట్రోల్ ఎట్ల మండుతున్నదో ఇదే జెప్తది. ఇంజిన్ల ఇంకా దమ్మున్నది.”