హెల్మెట్ లోపలి కీచురాయి

కామాటిపురాలో, పాత చాలీ భవనంలోని మా ఒంటిగది ఖోలీ నుంచి ఠాణేలో నా పనిచోటికి ముప్పై మూడు కిలోమీటర్లు. లిఫ్టులు రిపేరు చేస్తాను. డిప్లొమా రోజుల్లో పట్టుకున్న జాబితాల అలవాటు ఇంకా పోలేదు. బండి ఎక్కే ముందు టైర్ల గాలి, చైను, బ్రేకులు, రెండు అద్దాలు వరుసగా చూసుకుంటాను. చెవులు ఆ జాబితాలో మొదటి రెండేళ్లు లేవు.

వాటి సంగతి ఎత్తింది మా నాయిన. ఆయన ఇరవై రెండేళ్లు ఈ నగరం రోడ్లను బ్రేకర్ మిషన్‌తో పగలగొట్టాడు. ఇప్పుడు ఆయనతో మాట్లాడాలంటే ముందు భుజం తట్టాలి. ఆయన పెట్టే టీవీ చప్పుడు భరించలేక పక్క ఖోలీవాళ్లు గోడ మీద కొడతారు. ఆ కొట్టడమూ ఆయనకు వినపడదు.

ఒక ఆదివారం పొద్దున ఖోలీల ముందున్న గ్యాలరీలో కూర్చుని నేను హెల్మెట్ తుడుస్తుంటే, అది పెట్టుకుంటే లోపల ఎట్లుంటదని అడిగాడు. హైవే మీద వేగం అరవై దాటితే ఇంజను కూడా వినపడదని, అంతా గాలి హోరేనని చెప్పాను. ఇంటికొచ్చాక కాసేపు చెవులు మూసుకుపోయినట్టుంటాయని కూడా అన్నాను.

"నాకూ గట్లనే ఉండె," అన్నాడు. "పొద్దుగాల లేసెటాల్లకు సాఫ్ అయ్యేది. ఓ దినం కాలే. కీచురాయి దూరింది. దూరిందంటే ఇగ బయటికి రాదు బిడ్డా."

మా గల్లీలో బ్రేకర్ పట్టినవాళ్లందరిదీ అదే మాట. ఫలానా మనిషికి చెవుడొచ్చిందని ఎవరూ అనరు. కీచురాయి దూరిందంటారు. ఆ తర్వాత కొన్నేళ్లకు ఆ మనిషి అందరితోనూ అరిచి మాట్లాడటం మొదలుపెడతాడు.

మర్నాడే నాగ్‌పాడాలో పనిముట్ల దుకాణానికి వెళ్లి ఫోమ్ ఇయర్ ప్లగ్గులు కొన్నాను. తెల్లవే ఉన్నాయి. వేళ్లతో సన్నగా నలపాలి, చెవిని పైకీ వెనక్కీ లాగాలి, దోపాక అది ఉబ్బేదాకా వేలు తీయకుండా ముప్పై లెక్కపెట్టాలి. ఇంట్లో అద్దం ముందు నిలబడి రెండో చెవికి ఇరవై దాకా వచ్చానో లేదో, వెనక మా అమ్మ కనిపించింది.

"బతికున్నోడివి, చెవులల్ల దూది వెట్టుకుంటవారా?"

మా వాళ్లలో శవానికే ముక్కులోనూ చెవుల్లోనూ దూది పెడతారు. ఇది దూది కాదని, హారన్ వినపడుతూనే ఉంటుందని, హోరు మాత్రమే తగ్గుతుందని వివరించాను. ఆమె చూసింది తెల్లదనాన్నే. రెండూ తీయించి, గడప అవతల పెట్టి, చేతులు కడుక్కుంది.

దుకాణంలో అడిగితే నారింజ రంగువి తెప్పిస్తామన్నారు. అప్పటిదాకా ఆగుదామనుకున్నాను. చిన్న విషయానికి ఆమెను బాధపెట్టడం ఎందుకనిపించింది. వానాకాలం మొత్తం ఆగాను. రోజుకు అరవై ఆరు కిలోమీటర్ల చొప్పున నాలుగు నెలలు, ఖాళీ చెవులతో.

నారింజవి వచ్చిన మర్నాడు చాలీ కింద బండి పక్కన నిలబడి పెట్టుకున్నాను. రెండు వైపులా ముప్పై లెక్కపెట్టాను. హైవే ఎక్కాక హోరు ఎక్కడో దూరంగా వెళ్లిపోయింది. బండి ఇంత మెత్తగా నడుస్తుందని ఆ రోజే తెలిసింది. తగ్గిన హోరు అడుగున మాత్రం సన్నటి కూత ఒకటి మిగిలింది.

సిగ్నల్ దగ్గర ఇంజను ఆపాను. కూత ఆగలేదు. పక్కకు తీసి జాబితా మొదలుపెట్టాను. బ్రేకు డిస్కు రాసుకోవడం లేదు. చైను బిగువు సరిగానే ఉంది. హెల్మెట్ అద్దం సందులోంచి గాలి దూరుతుందేమో అనుకున్నాను, కానీ ఆగి ఉన్న బండి మీద గాలేది? హెల్మెట్ తీసేశాను. ప్లగ్గులు తీశాను. రోడ్డు చప్పుడు మీద పడి కూత మునిగిపోయింది. మళ్లీ పెట్టుకోగానే, ఉన్నచోటే ఉంది. బయటి చప్పుడు ఇన్నాళ్లూ దాన్ని కప్పి ఉంచిందన్నమాట.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఫ్యాను బంద్ చేసి మంచం అంచున కూర్చున్నాను. తల కొంచెం పక్కకు వంచానేమో, నాకు గుర్తులేదు. చెవులు పోయాక నాయిన మనుషుల ముఖాలు చదవడం నేర్చుకున్నాడు. టీవీ ఆపి నా ముందుకొచ్చి కూర్చున్నాడు.

"ఏ చెవుల?"

గుసగుసగా అడిగాననుకున్నాడు పాపం. ఆయన గుసగుస గ్యాలరీ చివరిదాకా వినపడుతుంది. స్టవ్ దగ్గర మా అమ్మ చేతిలో గరిటె ఆగింది.

ఎడమ చెవి ముట్టుకుని చూపించాను. నాయిన చేయి కూడా తన ఎడమ చెవి మీదికే వెళ్లింది.

"ఇంకోటి?"

అమ్మ స్టవ్ కూడా ఆర్పేసి వచ్చింది. నేను కళ్లు మూసుకుని కుడి వైపు వినడానికి ప్రయత్నించాను. వాళ్లిద్దరూ కదలకుండా నా ముఖం వైపే చూస్తూ కూర్చున్నారు.