తపసి బంక, బాపు నెత్తురు

చెట్ల బంకలను పరీక్షించడం మా ల్యాబులో నా పని. మందుల్లోనూ తిండిలోనూ కలిపే బంక ఒంటికి పడుతుందా, ఎలర్జీ తెస్తుందా అని చూస్తాం. అప్పుడు తపసి చెట్టు బంక చూస్తున్నాను. ఎలుకలకు తినిపించి, వాటి రక్తం పరీక్షించాను. ఏ తేడా కనపడలేదు. అయినా మనసు కుదుటపడలేదు. ఎలుకలకు పడింది మనుషులందరికీ పడుతుందా?

ఆ గుబులుతోనే నాన్నను చూడ్డానికి గోదావరిఖని వెళ్లాను. తలుపు తీసిన బాపును చూసి అక్కడే ఆగిపోయాను. పెదవులు ఉబ్బి ఉన్నాయి. మెడంతా దద్దుర్లు.

"బాపూ, ఏంది గిట్లైంది?"

"ఏం కాలే బిడ్డా. కట్టుడు పండ్లు జారకుంట పొడి తెచ్చుకున్న. అది పెట్టుకున్న సంది దురద."

డబ్బా తిప్పి చూశాను. తపసి బంక పొడి.

"నువ్వు పరీక్ష చేసే బంకనే గదా అని కొన్న."

"పరీక్ష ఇంక ఒడువలేదు బాపూ! ముందుగాల పండ్లు తియ్యి."

ఆటోలో దవాఖానకు బయల్దేరాం. ముందు బొగ్గు లారీ కదలదు. ఊపిరి ఆడుతుందా అని ఆయన్ని మాటిమాటికీ అడిగాను. "నువ్వే నిమ్మళంగ లేవు," అన్నాడు.

ఇంజెక్షన్‌తో వాపు తగ్గింది. కొన్ని వారాల తర్వాత, కారణం బంకేనా అని తేల్చడానికి డాక్టరు ఆ పొడిని నీళ్లలో కలిపి, చుక్క బాపు చేతిమీద వేసి సూదితో గీరింది. చూస్తుండగానే దద్దురు లేచింది.

"మరి మీ ఎలుకలకెందుకు కాలే?" అన్నాడు బాపు.

"ఎలుకలు వేరు, మనం వేరు. నీ అసొంటోళ్ల నెత్తుర్ల బంక కలిపి చూస్తె తెలుస్తది."

"అయితే నాది తీస్కపో." చొక్కా చేయి పైకి లాక్కున్నాడు.

ల్యాబులో, దంచి జల్లించిన మామూలు బంక కలిపితే ఆయన రక్తంలో ఎలర్జీ గుర్తులు గట్టిగా కనిపించాయి. ఎలర్జీ తెచ్చే ప్రొటీన్లు తీసేసి శుద్ధి చేసిన బంకతో అవి దాదాపు లేవు. ఎలుకలతో ఆగకుండా, ఎలర్జీ ఉన్నవాళ్ల రక్తంతోనూ చూడాలని మా ల్యాబు నడిపే మేడమ్ ఒప్పుకుంది. సంతోషంగా బాపుకు ఫోన్ చేశాను.

"అయితే ఆ శుద్ధి చేసింది నేను పెట్టుకోవచ్చా?"

"అసలే వద్దు బాపూ. ఒక్కరి నెత్తురే చూసినం."

"కడమోళ్లది ఎప్పుడు చూస్తరు?"

ఫోన్ పెట్టేసి, బాపులా ఈ బంక పడనివాళ్లు ఇంకెవరైనా రక్తం ఇస్తారేమో అడగడానికి ఆ డాక్టరు నంబరు నొక్కాను.