చుట్టాల కుప్ప, పేదల కుప్ప

మా చిన్నప్పుడు... బక్రీద్ పొద్దున జి.మాడుగులలో మా పెదనాన్న పెరడంతా హడావుడే. మగవాళ్లు జీపెక్కి పాడేరు వెళ్లి నమాజు చేసుకొచ్చేవాళ్లు. రాగానే సంతలో కొన్న మేకపోతును కుర్బానీ ఇచ్చేవాళ్లు. మాంసం కొట్టి చాప మీద మూడు కుప్పలు పోసేవాళ్లు. ఒకటి ఇంటికి, ఒకటి చుట్టాలకి, ఒకటి పేదలకి. మా ఆచారం అది.

కుప్పలు పోసేది మా అబ్బా... అంటే మా నాన్న. మూడూ సమానంగా వచ్చేదాకా ఊరుకునేవాడు కాదు. "ఆ తొడముక్క ఇటెయ్యి" అని పెద్దమ్మ ఇంటి కుప్ప వైపు చూపిస్తే వినిపించుకునేవాడే కాదు. చుట్టాల వాటా స్టీలు క్యారేజీల్లో వెళ్లేది. పేదల వాటా అడ్డాకుల్లో పొట్లాలు కట్టి గేటు దగ్గర పంచేవాళ్లు. మా క్యారేజీ నేనే ఇంటికి మోసుకెళ్లేదాన్ని... ఎంత గొప్పో!

ఓ ఏడు అబ్బా మలేరియాతో పోయాడు.

ఆ తర్వాతి బక్రీద్‌కి కుప్పలు పెదనాన్న పోశాడు. నేను ఎప్పట్లాగే క్యారేజీ పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. పెద్దమ్మ తల కూడా తిప్పలేదు.

"ఇక్కడ కాదే గుంటా... గేటు కాడికెళ్లి నిల్సో. బేగెళ్లు, అయిపోతాయి."

నాకేం అర్థం కాలేదు. వెళ్లి నిలబడ్డాను. నా ముందు కాఫీ తోటలో పనిచేసే లచ్చిమి ఉంది. నన్ను చూసి తెల్లబోయింది పాపం.

"ఈ వరసలో ఏటి సేత్తన్నావమ్మా? నువ్వు ఆళ్లింటి పిల్లవి కదేటి... లోపలికెళ్లు" అంటూ చెయ్యి పట్టుకుని పక్కకి లాగబోయింది.

పెద్దమ్మ గుమ్మంలోంచే అంది, వరసలో అందరూ వినేట్టు. "ఉండనీ లచ్చిమీ. సంపాదించినోడు పోయాక ఆళ్లు మాత్రం పేదోళ్లు కారేటి? ఆళ్లకిత్తే మాకింకా పుణ్యం."

నవ్వుతూ అంది మహాతల్లి! పెదనాన్నకి సొంత తమ్ముడి కూతుర్ని కదా నేను... ఆయన వింటూనే పొట్లాలు పంచుతున్నాడు. తన వంతు రాగానే లచ్చిమి తీసుకుని పక్కకి తప్పుకుంది. నా పొట్లం పెదనాన్నే నా చేతిలో పెట్టాడు, నా మొహం చూడకుండా. ఒళ్లు మండిపోయింది నాకు.

ఇంటికొచ్చి పొట్లం అమ్మీ ముందు విసిరికొట్టాను. ఇక ఆ గడప తొక్కనన్నాను. అమ్మీ కుట్టుమిషను ఆపి ఆకు విప్పింది. అన్నీ బొమికలు, కొవ్వు. పక్కనే ఖాళీ క్యారేజీ. నేను చెప్పక్కర్లేకపోయింది. ఏడుస్తుందనుకున్నాను... ఏడవలేదు.

"చుట్టాల వాటా ఆళ్ల ఇష్టం. పేదల వాటా అల్లా ఇచ్చింది, ఆళ్లు పెట్టింది కాదు. వచ్చే ఏడూ ఎళ్తావు. తలెత్తుకుని నిల్సుంటావు" అంది.

ఆ కూర ఎంత రుచిగా ఉందో తెలుసా... ఎన్నాళ్లకో తిన్న మాంసం. ఏడుస్తూనే వేళ్లు నాక్కున్నాను. పెద్దమ్మ మీద కంటే ఆ రుచి మీదే నాకెక్కువ కోపం, ఇప్పటికీ.

పెళ్లయి వైజాగ్ వచ్చేదాకా ఏటా ఆ గేటు దగ్గరే నిలబడ్డాను. తలెత్తుకుని నిలబడటం మాత్రం నా వల్ల కాలేదు.

ఇప్పుడు ఫోన్లో వాటా బుక్ చేస్తే మాంసం డబ్బాల్లో పెట్టి ఇంటికి తెచ్చిస్తున్నారు. కుప్పలు లేవు, వరసలు లేవు. పండగ కళ పోయిందని అందరూ తెగ బాధపడిపోతారు. మొన్న బక్రీద్‌కి పెద్దమ్మ కూడా ఫోన్ చేసి అదే అంది. "ఆ రోజులే వేరే... అందరం ఒక్కకాడే ఉండేవోళ్లం కదే" అని.

"అవును పెద్దమ్మా... మీరు లోపల, మేం గేటు బయట" అన్నాను. ఫోన్ పెట్టేసింది.

మీకూ ఇలాంటి పండగలు ఉండే ఉంటాయి... కింద రాయండి. షీర్ ఖుర్మా పాయసం గురించి అందరూ రాస్తారు, ఇవే ఎవరూ రాయరు.