రెండు హారన్లు

అమెరికాలో, టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే మెక్సికన్ ఆవిడ నన్ను "మిహా" అని పిలిచేది. అంటే బిడ్డా అని. నేను మన పద్ధతిలో ఆంటీ అనేదాన్ని. ఎనభైల్లో ప్రతి ఎన్నికల రోజూ ఆవిడ తన పాత స్టేషన్ వాగన్ వేసుకుని ఇంటింటి ముందూ రెండుసార్లు హారన్ కొట్టేది. ఎవరైనా బయటికి రాకపోతే దిగి తలుపు బాదేది.

"కూర తర్వాత వండుకో, ముందు వోటు! మనం వెయ్యకపోతే ఈ ఊళ్లో మనం లేనట్టే!"

ఒకసారి సిటీ కౌన్సిల్‌కి ఆవిడ ఎత్తుకు పెంచిన మేనల్లుడే నిలబడ్డాడు. మా వీధి వీధంతా కదిలింది. అతను గెలిచాడు. పెద్ద హోటల్లో పార్టీ అని తెలిసి ఆవిడ గిన్నెడు తమాలేలు చేసింది. మన పొట్టిక్కల్లాగే పిండిని ఆకుల్లో చుట్టి ఆవిరి మీద వండుతారు వాటిని. నన్నూ తోడు తీసుకెళ్లింది.

హాలు గుమ్మంలో సూట్లవాళ్ల మధ్య నిలబడి మమ్మల్ని చూశాడు మేనల్లుడు. చూసి, కాపలా మనిషితో ఇంగ్లీషులో, "వంటవాళ్లని వెనక డోర్‌కి పంపించు," అన్నాడు.

ఆవిడ గిన్నె నా చేతికిచ్చి కారు స్టార్ట్ చేసింది. నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

మళ్లీ ఎన్నికలొచ్చేసరికి నేను సిటిజన్‌నయ్యాను. మొదటి వోటని పట్టుచీర కట్టుకుని, హారన్ కోసం చూసి చూసి, చివరికి నేనే వెళ్లి తలుపు తట్టాను. పొయ్యి మీద కూర ఉడుకుతోంది.

"బండి పాడైందా ఆంటీ?"

"బండికేం, బాగానే ఉంది మిహా," అంది గరిటె తిప్పుతూ.