వేపమండ కట్టిన గడప

పిల్లల కిడ్నీలు చూసే డాక్టర్‌కు గుండె ధైర్యముండాలంటరు. నాకైతే ఇన్నేండ్లయినా ఫోన్ మోగితే దడే. ఆ దడను కోపం కింద దాచిపెడ్త. నా దగ్గర చదువుకునే జూనియర్లకు తెలిసింది ఆ కోపమొక్కటే.

ఆ పొద్దు ఓపీకి ఒక పిల్ల రాలే. ఆరేండ్లది. మూత్రంల ప్రోటీన్ పోయి ఒళ్లంత ఉబ్బే జబ్బు. నాయిన మా లెక్కనే బతుకుదెరువుకు ఈ పరాయి రాష్ట్రమొచ్చి, వడోద్ దిక్కు బట్ట నేసే సాంచాలు నడుపుతడు. పిల్లకు పెద్ద మోతాదుల స్టెరాయిడ్ గోలీలు నడుస్తున్నయి. వాళ్లమ్మ నేను నేర్పినట్టే రోజు పొద్దుగాల మూత్రం గాజుగొట్టంల వేడిచేసి, తెల్లగైందా లేదా చూసి డైరీల రాస్తది. ఒక్కనాడు తప్పలే. అసొంటి మనిషి రాకపోయేసరికి ఉండబట్టక నేనే ఫోన్ చేసిన.

"మంచిగనే ఉన్నది మేడం. తొమ్మిది రోజులైనంక తీస్కొస్త."

"తొమ్మిది రోజులేందమ్మా?"

ఆమె ఫోన్ పెట్టేసింది. మా ఇండ్లల్ల రోజులు లెక్కబెట్టి గడపల కూసునేది దేనికో నాకు తెల్వదా? పిల్లకు ఆటలమ్మ పోసింది.

మామూలు పిల్లలకైతే వారం దురద, నాలుగు మచ్చలు. ఈ గోలీలు మింగే పిల్ల ఒంట్ల కొట్లాడే శక్తి ఉండదు. ఊపిరితిత్తులకెక్కితే దక్కుడు కష్టం. ఇంకో భయం కూడ ఉన్నది. ఆటలమ్మ తల్లి ఇంట్ల ఉన్నన్ని రోజులు మందు ముట్టొద్దంటరు. ఈ గోలీలు ఒక్కసారే ఆపితే బీపీ పడిపోయి పిల్ల పడుకున్నకాడనే పోవచ్చు.

ఓపీ జూనియర్లకు అప్పజెప్పి, వాళ్లింటికి ఆటో ఎక్కిన. పాండేసరా ట్రాఫిక్‌ల ఆటోవాలా మీద ఒర్రిన. "ఎగిరిపోవాల్నా అక్కా?" అని హిందీల ఎదురడిగిండు. పాపం, ఆయన తప్పేమున్నది.

గడపకు వేపమండలు కట్టున్నయి. పిల్ల నాయినమ్మ తలుపుకు అడ్డం నిలబడ్డది.

"బయటోళ్లు రావొద్దు బిడ్డా. మందులు బంద్ చేసి నాలుగు దినాలాయె. తల్లి కోపం మాకొద్దు."

నాలుగు దినాలు! ముసలమ్మను పక్కకు నూకి లోపలికి ఉరకాలనిపించింది. లోపల పిల్ల దగ్గుతున్నది.

తిడ్దామని నోరు తెరిచిన. ఎవర్ని తిట్టాలె? ప్రతి అమ్మకు చెప్తనే ఉంట: ఉప్పు తగ్గించు, మూత్రం చూడు, జ్వరమొస్తే ఉరికిరా. ఆటలమ్మ ముచ్చట మాత్రం ఎన్నడు ఎత్తలే. నా కొడుక్కు పోసినప్పుడు నేను సుత మండలు కట్టిన, పోపు పెట్టకుండ వండిన. డాక్టరయ్యి గిదేందని జూనియర్లు నవ్వుతరని సిగ్గు. ఆ సిగ్గే ఈ పిల్ల మీదికి తెచ్చింది.

చెప్పులు విడిచి, బకెట్ల నీళ్లతో కాళ్లు కడుక్కున్న.

"అవ్వా, నా కొడుక్కు పోసినప్పుడు నేను గూడ గిట్లనే కూసున్న. కని వానికి ఈ జబ్బు లేదు. ఈ గోలీ తల్లి రాకముందు నుంచి నడుస్తున్నది, తల్లిని ఎల్లగొట్టేది కాదు. ఆమె ముందర పెట్టే ఇద్దాం. నీ కాళ్లు మొక్కుత, జర విను."

ముసలమ్మ నన్ను కింది నుంచి మీది దాక చూసింది. పెరుగన్నంల గోలీ నలిపి, మండ ముందర పెట్టి, దండం పెట్టి, పిల్లకు తినిపించింది.

ఇగ దవాఖానకు తీస్కపోవాలె అని నేనంటే, "మండ గూడ వస్తది," అన్నది.

"రానీ అవ్వా."

వేరే గదిల పెట్టి నరంలకు మందు ఎక్కించినం. నర్సు మండ తీసెయ్యబోతే కసిరిన. ఎక్స్‌రేల ఊపిరితిత్తుల మీద మచ్చలు కనబడ్డయి. జూనియర్లకు ఆ ఫిల్మ్ చూపెట్టి పాఠం చెప్పబోయి, మళ్ల కవర్ల పెట్టేసిన. మూడు దినాలు ఏం తిన్ననో యాదికి లేదు. ఆక్సిజన్ అంకె చూసుడు, నోట్లనే మొక్కుకునుడు. నాలుగో దినం పిల్ల లేచి కూసోని "చిప్స్ కావాలె" అన్నది. "ఉప్పు తినొద్దని చెప్పలేదానె?" అని కసిరి, బయటికొచ్చి బోరుమని ఏడ్చిన.

పిల్ల ఇంటికి పోయినంక ఇంకో భయం పట్టుకున్నది. నా పరిశోధన కాయితాలల్ల కొందరు పిల్లల ఎదురుంగ "మధ్యల మానేసిండ్రు" అని నా చేతితోనే రాసిన. తల్లిదండ్రులకు బాధ్యత లేదని మీటింగులల్ల చెప్పిన. ఇప్పుడు ఆ మాట చదువుతుంటే, వాళ్ల గడపలకు గూడ మండలు కట్టిండ్రేమో అనిపించింది. ఒక్కొక్క నంబర్ కలిపిన. ఇద్దరు ఎత్తలే. మూడోది అమ్రోలిల ఉండే ఒక నాయినది. బిడ్డ ఎట్లున్నదని అడిగిన.

"బిడ్డ లేదు మేడం. ఆటలమ్మ తల్లి తీస్కపోయింది," అన్నడు. "మీరు మస్తు మంచిగ చూసిండ్రు. చెప్తే బాధపడ్తరని చెప్పలే."